గుడియాత్తం కుర్రకారు, ఆదివారం



విజయ్ నటించిన ‘లియో’ 2023 అక్టోబరు 19న విడుదలైంది. ఆ రోజు తమిళనాడులో ఉదయం తొమ్మిదికి ముందు ఆట వెయ్యడానికి వీల్లేదని ప్రభుత్వం చెప్పింది. ఆంధ్రలో, కర్ణాటకలో, కేరళలో మాత్రం కోడికూత వేళకే తెర లేచింది. సరిహద్దు ఊళ్ల కుర్రాళ్లు ఊరుకుంటారా? రాత్రికి రాత్రే బండ్లకు పెట్రోలు పోయించుకుని పొరుగు రాష్ట్రాల దారి పట్టారు. తమిళ హీరో సినిమాను అందరికంటే ముందు చూడాలంటే తమిళనాడు దాటి పోవాలన్నమాట! మిగతా ఊళ్ల వాళ్లకు ఇది పత్రికల్లో చదివి నవ్వుకునే వింత. వేలూరు వాళ్లకు అలవాటైన దారే. కాట్పాడి మీదుగా చిత్తూరు గంట ప్రయాణం. పొద్దున ఆటకు పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు.

వేలూరు జిల్లాలోనే గుడియాత్తం ఇంకాస్త అంచున ఉంటుంది. ఊళ్లో పారే కౌండిన్య నదిది పలమనేరు అడవుల నీరు. ఒక దారిన పరదరామి దాటితే చిత్తూరు, ఇంకో దారిన సైనగుంట దాటితే పలమనేరు. ఊళ్లో ఒక పేట పేరు నెల్లూరుపేట. 1911లో చిత్తూరు జిల్లా పుట్టే దాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆ జిల్లా కచేరీ ఉండింది కూడా చిత్తూరులోనే. ఆ తరువాత 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 1960లో హద్దులు మళ్లీ సర్దారు. ఎన్ని గీతలు గీసినా పెళ్లిసంబంధాలు మాత్రం ఆ గీతల్ని లెక్కచెయ్యలేదు. మేనమామ పలమనేరులో, పిన్నమ్మ బంగారుపాళ్యంలో, అక్కను ఇచ్చింది ఆంబూరులో. గుడియాత్తం తెలుగు ఇళ్లలో ఇది మామూలు లెక్క.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు నూటికి 5.87 మంది. ఈ రోజు మాట్లాడుకోబోయేది వాళ్లలో ఒక చిన్న గుంపు గురించి: వేలూరు, గుడియాత్తం ప్రాంతంలో 2000 సంవత్సరం అటూఇటూ పుట్టి, ఇప్పుడు పాతికేళ్ల ఈడులో ఉన్న పిల్లలు. వాళ్లు వారమంతా ఏం చేస్తారు, ఆదివారం ఎక్కడికి పోతారు, ఏం చూస్తారు, ఏం వింటారు?

ఈ ఈడునే ఎందుకు ఎంచుకోవాలంటే, దానికి కారణం ఒక చట్టం. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళం తప్పనిసరి చేసింది. 2006–07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతికి పెంచుకుంటూ 2015–16 నాటికి పదో తరగతికి తెచ్చింది. అంతకుముందు తెలుగు బడిలో చదివే పిల్లలు మొదటి భాషగా తెలుగే రాసేవాళ్లు. ఈ చట్టంతో ఆ వీలు పోయింది. భాషా మైనారిటీల వాళ్లు కోర్టుకెక్కారు, మినహాయింపులు కూడా తెచ్చుకున్నారు. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట అలాంటిదే. కానీ కోర్టు తీర్పు కోసం ఏ తల్లీ తండ్రీ పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టి ఎదురుచూడరు కదా. చాలామంది అప్పటికే తమిళ బడికో ఇంగ్లీషు బడికో మళ్లిపోయారు. 2006లో ఆరేళ్ల వయసున్న పిల్లలు ఆ చట్టానికి మొదటి వరస. ఇంట్లో నోరు తెరిస్తే తెలుగు, బోర్డు చదివితే తమిళం, ఉద్యోగానికి అర్జీ పెడితే ఇంగ్లీషు. తెలుగు వాళ్లకు చెవుల ద్వారా వచ్చింది, కళ్ల ద్వారా రాలేదు. వాళ్ల ఇష్టాలన్నిటి మీదా దీని నీడ ఉంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు వారం రోజుల సంగతి. గుడియాత్తం చేనేత లుంగీలకు పేరు మోసింది. అగ్గిపెట్టెలు, బీడీలు కూడా ఆ ఊరి బతుకుతెరువే. అమ్మ బీడీలు చుడుతూనో, నాన్న మగ్గం మీదో పెంచిన పిల్లలు ఇప్పుడు ఆ పనుల్లోకి పోవడం తగ్గించారు. ఆంబూరు, పేర్ణాంబట్టు వైపు తోలు, చెప్పుల ఫ్యాక్టరీలున్నాయి. అక్కడి కుట్టు మిషన్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఆడపిల్లలే. వేలూరులో ఆసుపత్రి చుట్టూ ఒక ప్రపంచం ఉంది. 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి ఇవాళ బెంగాల్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి, ఇటు చిత్తూరు, కడప నుంచి రోగులు వస్తారు. ఆ వీధుల్లో లాడ్జి బోర్డుల మీద బెంగాలీ అక్షరాలు కనబడతాయి. మందుల షాపులో నిలబడే కుర్రాడు తమిళం, తెలుగు, హిందీతో పాటు నాలుగు బెంగాలీ మాటలు కూడా ఒడుపుగా అనేస్తాడు. ఇక చదువుకున్నవాళ్లు చెన్నై, బెంగళూరు పోతారు. గుడియాత్తం ఆ రెండు నగరాలనూ కలిపే రైలుదారి మీదే ఉంది. శుక్రవారం రాత్రి బండి దిగి, ఆదివారం సాయంత్రం మళ్లీ సంచి భుజాన వేసుకునే కుర్రకారుకు వారాంతమంటే నిజానికి ఒకటిన్నర రోజు.

ఆ ఒకటిన్నర రోజులో మొదటి మజిలీ వేలూరు కోట. నీళ్లు లేని ఏరు, చెట్లు లేని కొండ, రాజు లేని కోట, దేవుడు లేని గుడి అని వేలూరును ఎకసెక్కం చేసే పాత మాట ఒకటుంది. పాలారును, చుట్టూ ఉన్న బోడి గుట్టలను చూస్తే మొదటి రెండూ ఇప్పటికీ కాదనలేం. గుడి సంగతి మాత్రం మారింది. 16వ శతాబ్దంలో విజయనగర సామంతులు కట్టించిన ఈ కోటలోని జలకంఠేశ్వరాలయం ఎన్నో ఏళ్లు విగ్రహం లేకుండా ఉండిపోయింది. 1981 మార్చిలో లింగాన్ని తెచ్చి మళ్లీ నిలిపారు. ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఆ గుడిలో దర్శనం చేసుకుని, కందకం గట్టున కూర్చుని వేరుశనగలు ఒలుచుకు తినే జంటలకు ఆ కథ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ చరిత్ర మీద ఆసక్తి ఉన్న కుర్రాడికి ఇంతకన్నా మంచి చోటు ఏది? పెనుకొండ, చంద్రగిరి తరువాత అరవీటి రాయలు కొలువు తీర్చింది ఇక్కడే. శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాన్ కుటుంబాన్ని తెచ్చి ఉంచింది ఇక్కడే. 1806 జులై 10న సిపాయిలు తిరగబడిందీ ఇక్కడే, 1857 తిరుగుబాటుకు యాభై ఏళ్లకు పైగా ముందు. శ్రీలంకలో క్యాండీని ఏలిన నాయక వంశపు చివరి రాజు విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువాళ్లు బందీగా తెచ్చి పెట్టిందీ వేలూరులోనే. 1832లో ఆయన ఇక్కడే కన్నుమూశాడు. పాలారు ఒడ్డున సమాధి ఉంది. కోటలో సెల్ఫీలు దిగేవాళ్లకు కొదవ లేదు. కోట లోపలి మ్యూజియంలో మాత్రం ఆదివారం కూడా చోటు దొరుకుతుంది.

వేలూరులో చదువుకున్న తెలుగింటి కుర్రాళ్లలో అందరికంటే పేరున్నవాడు ఈ కాలం వాడు కాదు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో వేలూరు వూర్హీస్ కాలేజీలో చదివాడు. పదహారో ఏటనే పెళ్లయింది కూడా. ఈ కాలం కుర్రాళ్లతో ఆ మాటంటే మొదట ఆశ్చర్యపడేది రాష్ట్రపతి అయినందుకు కాదు, పదహారేళ్లకే పెళ్లయినందుకు!

తిండి సంగతి లేకుండా ఆదివారం పూర్తవదు. ఇక్కడ ఆదివారమంటే ఆంబూరు బిరియాని. హైదరాబాదు బిరియానిలా పొడవాటి బాస్మతి ఉండదు. చిన్న గింజల సీరగ సాంబా బియ్యం వాడతారు. మసాలా తక్కువ, ఎండుమిరపకాయ నూరిన ముద్ద ఎక్కువ. పక్కన మిర్చీ కా సాలన్ బదులు పుల్లటి వంకాయ కూర. ఆ వంకాయలోనూ విశేషం ఉంది. వేలూరు దగ్గర ఇలవంబాడిలో తొడిమకు ముళ్లుండే వంకాయ పండుతుంది. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హైదరాబాదు బిరియాని గొప్పా, ఆంబూరు బిరియాని గొప్పా అని ఈ కుర్రాళ్లను అడగకండి. జవాబు ముందే తెలుసు. నన్నడిగితే, మధ్యాహ్నం తిన్నాక నిద్ర ముంచుకురాకుండా ఉండేది ఆంబూరుదే. అది చిన్న విషయం కాదు.

బండి ఉన్న మగపిల్లవాడికి ఆదివారం ఒకలా ఉంటుంది, బండి లేని ఆడపిల్లకు ఇంకోలా ఉంటుంది. తమిళనాడులో 2021 మే నుంచి మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయికి ఇది రోజువారీ ఊరట. ఆదివారం నలుగురు స్నేహితురాళ్లు కలిసి బజారుకో గుడికో పోవడానికి అమ్మానాన్నలను డబ్బులు అడగాల్సిన అవసరం లేకుండా చేసిందీ అదే. వేలూరు పక్కనే తిరుమలైకోడిలో శ్రీపురం స్వర్ణదేవాలయం ఉంది. 2007లో కుంభాభిషేకం జరిగిన ఈ గుడికి పదిహేను వందల కిలోల బంగారం వాడారని చెబుతారు. నక్షత్రం ఆకారంలో వేసిన బాట వెంట చాలా దూరం నడవాలి. ఆ నడకలోనే వారం రోజుల కబుర్లన్నీ అయిపోతాయి. భక్తి ఎంత, కబుర్లెంత అని తూకం వెయ్యడం మనకెందుకు? ఆంధ్రలోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. కానీ అది ఆంధ్ర గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకు. పిన్నమ్మ ఇంటికి పోయే గుడియాత్తం పిల్ల హద్దు దాటాక టికెట్టు కొనుక్కోవాల్సిందే.

మగపిల్లలు కొత్త బండి కొంటే మొదట పోయేది కాణిపాకం. చిత్తూరు దాటగానే వస్తుంది. వరసిద్ధి వినాయకుడి ముందు బండికి నిమ్మకాయలు తొక్కించి, బొట్టు పెట్టించి, అక్కడి నుంచే ఫోటో ఇంటికి పంపుతారు. కాణిపాకం వినాయకుడు ప్రమాణాల దేవుడు. తాగుడు మానేస్తానని ఒట్టు వేయించడానికి భర్తలను, కొడుకులను పట్టుకొచ్చే ఆడవాళ్లు అక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. అందుకేనేమో, కొందరు కుర్రాళ్లు గోపురానికి దూరం నుంచే దణ్ణం పెట్టుకుని వెనక్కి తిప్పేస్తారు.

ఎండాకాలంలో వేలూరు మండిపోతుంది. అప్పుడు దారి ఏలగిరి వైపు. 2019లో వేలూరు జిల్లాను మూడుగా విడగొట్టాక ఏలగిరి తిరుపత్తూరు జిల్లాలోకి పోయింది. కొండ ఎక్కే దారిలో పద్నాలుగు పిన్ను మలుపులు. ఒక్కో మలుపు దగ్గర బండి వంచి తీసిన వీడియో ఆ రాత్రికే ఫోన్లలో తిరుగుతుంది. అదే కొండల వరసలో, జవ్వాది కొండల మీద కావలూరు వేధశాల ఉంది. ఏలగిరి కిటకిటలాడుతుంటే కావలూరు దారి ఖాళీగా ఉండడం నాకు బాధగానే ఉంటుంది. 1972లో గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్‌కు పల్చటి వాతావరణం ఉండొచ్చని చూపిన పరిశీలనల్లో కావలూరుది ఒకటి. 1977లో యురేనస్ చుట్టూ వలయాలు బయటపడినప్పుడు కూడా ఇక్కడి నుంచి కనిపెట్టి చూశారు. 1986లో నెలకొల్పిన 2.34 మీటర్ల టెలిస్కోపు ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు మీద ఉంది. ఆ బప్పు పెరిగిందీ, మొదట్లో చదివిందీ మన హైదరాబాదులోనే. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవాడు. వేలూరు కాలేజీ పిల్లలు ఒక్క శనివారం ఏలగిరి మానుకుని అటు పోతే నష్టపోరు.

చలికాలంలో ఇంకో వెర్రి ఉంటుంది. సంక్రాంతి మొదలుకొని మార్చి దాకా వేలూరు పల్లెల్లో ఎద్దులను వదిలే పండగలు జరుగుతాయి. ‘ఎరుదు విడుం విళా’ అంటారు. మదురై వైపు జల్లికట్టులో ఎద్దు మూపురం పట్టుకు వేలాడతారు. ఇక్కడ పద్ధతి వేరు. ఎద్దును ఒక్కొక్కటిగా సందులోకి వదిలి, అది నిర్ణీత దూరం ఎన్ని సెకన్లలో దాటిందో గడియారంతో కొలుస్తారు. తక్కువ సెకన్లలో దాటినదానికి బహుమానం. చంద్రగిరి వైపు పశువుల పండగలో కొమ్ములకు పలకలు కట్టి వదిలితే కుర్రాళ్లు వాటిని లాక్కుంటారు. రెండు వైపులా పోయే ఎద్దులున్నాయి, వాటికి పేర్లున్నాయి, పేరు అచ్చువేసిన టీషర్టులు తొడుక్కునే అభిమానులున్నారు. 2014లో సుప్రీంకోర్టు ఇలాంటి ఆటలను ఆపెయ్యమంది. 2017 జనవరిలో మెరీనా తీరంలో కుర్రకారు నిరసనకు కూర్చున్నాక తమిళనాడు చట్టం తెచ్చింది. 2023 మేలో అదే కోర్టు ఆ చట్టాన్ని సరేనంది. రాజకీయమంటే మొహం తిప్పుకునే పిల్లలు ఈ ఒక్క విషయంలో తేదీలతో సహా చెబుతారు. అయితే ప్రతి ఏడూ ఎవరో ఒకరు కొమ్ము దెబ్బ తింటున్నారు. కంచె బయట నిలబడి చూడమని పెద్దలు చెప్పేది అందుకే. వినేవాళ్లు తక్కువ.

గుడియాత్తానికి అసలు పండగ మేలో వస్తుంది. తమిళ వైకాసి నెల మొదటి రోజున గంగమ్మ సిరసు తిరునాళ్ల. తరణంపేట ముత్యాలమ్మ గుడి దగ్గర అమ్మవారి శిరస్సు ఊరేగింపు బయలుదేరి గోపాలపురం గంగమ్మ గుడికి చేరుతుంది. అక్కడ శిరస్సును మొండేనికి అమరుస్తారు. జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి రేణుక తల నరికిన కథ ఇది. తిరిగి బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయన్న కథ ఊళ్లో ప్రతి అవ్వకూ తెలుసు. దారి పొడవునా పులివేషాలు, కర్రసాము, పంబల మోత. బెంగళూరు ఉద్యోగానికి ఎప్పుడూ నాగా పెట్టని కుర్రాడు కూడా ఆ రోజుకు సెలవు పెట్టి వస్తాడు. చిత్తూరు, పలమనేరు, కోలారు వైపుల నుంచి జనం విరగబడతారు. అదే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. అక్కడ మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకుంటారు. ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ కట్టిన వేషం అదే. 2024 డిసెంబరు 5న ఆ సినిమా వచ్చినప్పుడు దేశమంతా ఆ వేషాన్ని కొత్తగా చూసింది. గుడియాత్తం పిల్లలకు గంగమ్మ కొత్త కాదు. సినిమా వాళ్లు తమ ఊరి దాకా రాకుండా తిరుపతిలోనే ఆగిపోయారని మాత్రం చిన్న కినుక.

‘పుష్ప’ దగ్గర కాసేపు ఆగాలి. 2021 డిసెంబరులో మొదటి భాగం వచ్చేదాకా ఈ పిల్లలు చూసిన తెలుగు సినిమాల్లో తమ భాష ఎక్కువగా హాస్యానికే పనికొచ్చింది. హీరో గోదావరి తెలుగో, పుస్తకాల తెలుగో మాట్లాడతాడు. చిత్తూరు యాస మాట్లాడేవాడు పక్కన నవ్వించేవాడు. దర్శకుడు సుకుమార్ ఆ యాసను హీరో నోట పెట్టాడు. ఆ వేషానికే అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. తెలుగు నటుల్లో అది అందుకున్న మొదటివాడు. ఇంట్లో అవ్వ, నాయన మాట్లాడే మాట తెర మీద వినబడితే పాతికేళ్లవాడికి వచ్చే ధైర్యం వేరు. కాలేజీలో తెలుగు మాట్లాడడానికి జంకే పిల్లలు ఆ తరువాత ‘తగ్గేదే లే’ అనడంతోనైనా నోరు విప్పారు. వీళ్ల ఫోన్లో ఇళయరాజా, అనిరుధ్, దేవిశ్రీ ఒకే వరసలో ఉంటారు. ఏ పాట ఏ భాషదని వాళ్లు లెక్కపెట్టుకోరు.

కాట్పాడిలో ఇంకో రకం తెలుగు కుర్రకారు ఉంది. 1984లో ఇంజనీరింగు కాలేజీగా మొదలై 2001లో విశ్వవిద్యాలయం హోదా పొందిన వీఐటీకి గుంటూరు నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి పిల్లలు వస్తారు. వాళ్ల కోసం ఆ చుట్టుపక్కల ఆంధ్ర భోజనం హోటళ్లు వెలిశాయి. పప్పు, గోంగూర, ఆవకాయ దొరుకుతాయి. శనివారం సాయంత్రం హాస్టలు పిల్లలకు, వాళ్లకు భోజనం పొట్లాలు తెచ్చే స్థానిక కుర్రాడికి మధ్య జరిగే మాటలు వినాలి. “అన్నా, మీరు తెలుగా?” అని వీళ్లు. “అవునప్పా, మాది గుడియాత్తమే” అని అతను. ఆపైన రెండు మాటలకే యాస విని ముసిముసిగా నవ్వేవాళ్లున్నారు. ఆ నవ్వు తప్పు. ఎనిమిది గంటలు రైలులో వచ్చిన తెలుగు కంటే ఈ నేల మీదే నాలుగు వందల ఏళ్లుగా ఉన్న తెలుగు తక్కువదేమీ కాదు. పైగా హాస్టలు పిల్లల్లోనూ ఒక పేజీ తెలుగు గబగబా చదవగలిగినవాళ్లు ఎందరు?

చదువు దగ్గరికే మళ్లీ వచ్చాం. గుడియాత్తం యాసకు దగ్గరి యాసలో గొప్ప పుస్తకాలున్నాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ చిత్తూరు పల్లె భాషలో ఉన్నాయి. దామల్‌చెరువు మధురాంతకం రాజారాం రాసిన కథలున్నాయి. పులికాటు తీరపు తెలుగువాళ్ల మాటను పట్టుకుని స.వెం. రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’ రాశాడు. ఇవన్నీ ఈ పిల్లల అవ్వాతాతల జీవితాలే. వాళ్లు చదివితే పక్కింటి కథ అనిపిస్తుంది. కానీ అక్షరాలు రావు. అచ్చులో ఉన్న తెలుగు వాళ్లకు తలుపు వేసిన ఇల్లు.

విన్న తెలుగు మాత్రం వాళ్లకు పూర్తిగా తెలుసు. ఈ ప్రసంగం విని అర్థం చేసుకోవడానికి గుడియాత్తం కుర్రాడికి ఏ అడ్డూ లేదు. ఇదే ప్రసంగం కాగితం మీద ఇస్తే పక్కన పెట్టేస్తాడు. అందుకే శ్రోతలకు ఒక విన్నపం. వేలూరులోనో, గుడియాత్తంలోనో, ఆంబూరులోనో మీ మేనల్లుడో, చెల్లెలి కూతురో ఉంటే, ఈ ఆదివారం మీ దగ్గరున్న తెలుగు కథల పుస్తకం తీసి, పది నిమిషాల కథ ఒకటి మీ గొంతుతో చదివి రికార్డు చేసి ఫోన్లో పంపండి. యాస మార్చకండి, తప్పులు దిద్దకండి. నచ్చితే ఇంకోటి కావాలని వాళ్లే అడుగుతారు. అలా నాలుగైదు కథలు విన్నాక అక్షరాలు నేర్పమంటే, వచ్చే సంక్రాంతి సెలవుల్లో ఒక పలక కొని పెట్టండి.